చక్రానికి చమురు

ధనశ్రీ మూడోసారి పిడి తిప్పింది. చక్రం తిరిగింది కానీ చప్పుడు రాలేదు.

విజయదశమి పూజ అయి పావుగంట కాలేదు. యూ టీ పేటలోని ఆ ఫ్లాటు హాల్లో కర్పూరం వాసన ఇంకా పోలేదు. నిన్న ఆయుధపూజకు దేవుడి ముందు పెట్టిన వస్తువుల్ని ఒక్కొక్కటే తీసి, కళ్ళకద్దుకుని, ఎక్కడివక్కడ సర్దుతున్నారు. రామదాసు స్పానర్లు, సుత్తి, ఆకురాయి. నాగరత్నం కత్తెర, కుట్టుమిషను. వాటి నడుమ పట్టుగుడ్డ కప్పుకుని, బొట్టు పెట్టుకుని, ధనశ్రీ హర్డీ గర్డీ.

"అమ్మా, దీన్నెవరు ముట్టుకున్నారు?"

"ఎవరు ముట్టుకుంటారే? బొట్టు పెట్టాను. బంతిపువ్వు పెట్టాను. అంతే."

"తీగలకి కాటన్ చుట్టి ఉండాలి, ఏదీ? వీల్ మీద రోజిన్ బంక ఉండాలి, ఏదీ? ఎవరో క్లీన్ చేశారు. బాగా, నీట్‌గా క్లీన్ చేశారు!"

ఆ వాద్యం చూడ్డానికి పొట్ట ఉబ్బిన వీణలా ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుని చివరనున్న పిడి తిప్పితే, లోపలి చెక్కచక్రం తీగల్ని రాసుకుంటూ తిరుగుతుంది. ఫిడేలుకు కమాను ఎలాగో దీనికి చక్రం అలాగ. ఎడమచేత్తో మెట్లు నొక్కితే పాట వస్తుంది. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట యూరప్ సంతల్లో, పెళ్ళిపందిళ్ళలో, చర్చి మెట్ల మీద మోగిన వస్తువట. నాగరత్నం దానికి ముద్దుగా చక్రవీణ అని పేరు పెట్టుకుంది. రామదాసు ముద్దూ మురిపెం లేకుండా గానుగ అన్నాడు.

ఇప్పుడా రామదాసు సోఫా పక్కన కింద కూర్చుని, తుడిచిన స్పానర్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నేనే తుడిచాలే," అంది నాగరత్నం హఠాత్తుగా. "దుమ్ము పట్టిందనీ..."

"నువ్వా?"

"ఆఁ. నేనే. దీపం పక్కనే ఉంది కదా, నువ్వుల నూనె చెయ్యి తగిలిందేమో కూడా."

ధనశ్రీ చూపుడువేలితో చక్రం అంచు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. తల్లి వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉందని రామదాసుకు తల ఎత్తకుండానే తెలిసింది.

"నువ్వేమన్నా చెప్పాలా నాన్నా?"

మూడు వారాల్లో కూతురు తనతో మాట్లాడిన మొదటి మాట అది. రామదాసు ఇంకో స్పానరు అందుకున్నాడు.

"నాకేం తెలుసు ఆ గానుగ సంగతి," అన్నాడు.

ధనశ్రీ వాద్యాన్ని ఎత్తుకుని గదిలోకి పోయింది. తలుపు విసురుగా వేసి ఉంటే అతనికి కొంచెం ఊరటగా ఉండేది. చాలా నెమ్మదిగా వేసుకుంది.

*

తప్పు చేసినవాడికి తప్పు చేశానని తెలియడానికి ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. రామదాసుకూ అంతే పట్టింది.

నిన్న ఉదయం ఏటా చేసేదే చేశాడు. వంటింటి వెనక కాగితాలు పరిచి, పనిముట్లన్నీ దించి, కిరసనాయిలుతో జిడ్డు తీసి, మిషన్ ఆయిల్ పట్టించాడు. చమురు ఫ్యాక్టరీల దీవి జురాంగ్ ఐలాండ్‌కి ఇంకా ఆ పేరు రాని రోజుల్లో, పడవలో డ్యూటీకి పోయిన కాలం నుంచీ అతను ఫిట్టరు. సముద్రం మీద కాజ్‌వే రోడ్డు వచ్చి బస్సు తిరిగిన ఏడాది రిటైరయ్యాడు. అతని ముత్తాత విశాఖపట్నంలో ఓడ ఎక్కినప్పుడు తెచ్చుకున్న ఆచారాల్లో చాలా వాటికి కాళ్ళొచ్చి ఎటో పోయాయి గాని, ఆయుధపూజ మాత్రం ఆ ఇంట్లో గట్టిగా నిలబడింది. ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటే దానికి ఆ రోజు స్నానం, నూనె, బొట్టు. దశమి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

"అమ్మాయి చక్రవీణ కూడా పెడదామండీ," అంది నాగరత్నం. ధనశ్రీ అప్పటికే దాన్ని తల్లికిచ్చి బయటికి వెళ్ళిపోయింది.

అతను కాదనలేదు. అందుకే నాగరత్నం కళ్ళు పెద్దవయ్యాయి.

మూడు వారాల కిందటి గొడవ అతనికి లోపల ముల్లులా ఉంది. కంప్యూటర్ తెలిసినవాళ్ళ కోసం ఊరు ఊరంతా వెతుకుతున్న రోజులవి. హైదరాబాద్ నుంచీ, విజయవాడ నుంచీ కుర్రాళ్ళు విమానాలు దిగుతూనే ఉన్నారు. అలాంటి రోజుల్లో అతని కూతురు షెంటన్ వే ఆఫీసులో ప్రోగ్రామర్ సీటు వదిలేసి వచ్చి, ఎవరూ వినని పాటలు వాయిస్తానంది.

"ఎవరూ వినరని ఎవరన్నారు? వింటున్నారు నాన్నా. చాప మీద కూర్చుని, చప్పట్లు కొట్టి, డాన్స్ చేసి వింటున్నారు. ఈ పాటలు పుట్టిందే అలాంటి వాళ్ళ కోసం. సూట్లు వేసుకుని దగ్గకుండా కూర్చునే వాళ్ళ కోసం కాదు."

"డాన్సట! అలామక్, ఓరి నాయనో! పిచ్చివాళ్ళ జాతర!"

మాటా మాటా పెరిగింది. ఆ ఊపులో రామదాసు వాద్యం వైపు వేలు చూపించి అన్నాడు: "ముప్పై ఏళ్ళు మిషన్లతో బతికినోణ్ణి. దాని నోరెలా మూయించాలో నాకు తెలుసు."

అన్న మరుక్షణమే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. కూతురి ముఖం చూశాక ఇంకా అనిపించింది. అయినా తండ్రి హోదా అనేది ఒకటి ఉంది కదా, పనికిమాలినది. అది అడ్డుపడింది.

అందుకని నిన్న, ఇంట్లో ఎవరూ చూడకుండా, అతను తన పద్ధతిలో క్షమాపణ చెప్పుకున్నాడు. వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని మెత్తటి బనీను గుడ్డతో ఒళ్ళంతా తుడిచాడు. చక్రం అంచున గోధుమరంగులో ఏదో బంక పేరుకుని ఉంది. ఎన్నేళ్ళ మురికో అనుకుని కిరసనాయిలుతో మొత్తం తీసేశాడు. తీగలకు దూది పోగులు అంటుకుని ఉన్నాయి. దుమ్మనుకుని ఒక్కొక్కటీ గోటితో గిల్లి పారేశాడు. పిడి తిప్పితే చక్రం కిర్రుమంది. అయ్యో, ఇన్నాళ్ళూ ఎవరూ దీన్ని పట్టించుకోలేదు అనుకున్నాడు. ఇరుసుకు రెండు చుక్కలు, అంచు చుట్టూ మూడు చుక్కలు నూనె వేసి, కిర్రుమనడం ఆగేదాకా తిప్పాడు.

ఆగింది. అతనికి ఎంత తృప్తి కలిగిందంటే, ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు.

ఆ బంక పాటకు ప్రాణమనీ, ఆ దూది తీగల గొంతు అనీ అతనికెవరు చెప్పారు? కూతురు చెప్పబోయిన రోజున అతనే టీవీ సౌండు పెంచాడు.

*

"చెప్పేయండి," అంది నాగరత్నం మధ్యాహ్నం, పులిహోర గిన్నె మూత తీస్తూ. "నూనెడబ్బా మూత కూడా పెట్టలేదు మీరు. నిన్ననే చూశాను."

"చూసి ఎందుకు ఊరుకున్నావు?"

"నాకేం తెలుసు? మీకు మిషన్ల సంగతి తెలుసు కదా అనుకున్నా."

రామదాసు తల గోక్కున్నాడు. "చెప్తే నమ్ముద్దా రత్నం? నోరు మూయిస్తానన్నది నేను. మూయించిందీ నేనే. మంచికి చేశానంటే ఎవడు నమ్ముతాడు?"

"నమ్మకపోతే తిడుతుంది. తిట్టించుకోండి. మీకేం అరిగిపోదు." నాగరత్నం గరిటె ఠంగుమని పెట్టింది. "రేపు సాయంత్రం దానికి ప్రోగ్రాం. ఫెస్టివల్ వాళ్ళెవరో వినడానికి వస్తున్నారట. నా మీద వేసుకున్నాను సరే, నేనెన్నాళ్ళు మొయ్యను?"

"ఇంకో వాద్యం లేదా వాళ్ళ బృందం దగ్గర?"

"ఈ ఊళ్ళో అలాంటిది ఇంకోటి ఎక్కడుంది? అమ్మాయి మాస్టారు ఊరు వదిలి పోతూ దీన్ని ఇచ్చిపోయాడు. ఆ మాత్రం తెలీదా మీకు?"

తెలీదు. ముసలి ఇంగ్లీషు మాస్టారు ఒకాయన ఉండేవాడనీ, తన దేశం వెళ్ళిపోయి అక్కడ పోయాడనీ విన్నాడు గాని, ఆ మనిషి ఇచ్చిన వస్తువు ఇదేనని అడిగి తెలుసుకోలేదు. తన కూతురి గురించి తను అడగనివి ఇంకెన్ని ఉన్నాయో అనుకుంటూ అతను ముద్ద కంచంలో వదిలేశాడు.

చెయ్యి కడుక్కుని లేచాడు. కూతురి గది ముందు నిలబడి తలుపు కొట్టడానికి చెయ్యెత్తాడు. లోపల ధనశ్రీ ఫోన్‌లో ఉంది. ఇంగ్లీషులో, మెల్లగా.

"యెస్... యెస్, ఐయామ్ షూర్... మండే ఈజ్ ఫైన్. థ్యాంక్యూ."

ఎవరో రిపేరువాడు దొరికినట్టున్నాడు, అనుకున్నాడు రామదాసు. సోమవారానికి బాగైపోతే ఇక చెప్పి ఎందుకు లేనిపోని రభస? ఎత్తిన చెయ్యి దించేసుకుని వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు.

ఆ తర్వాత చాలాకాలం అతను ఆ చెయ్యిని తలుచుకుని బాధపడ్డాడు. ఇంకో బెత్తెడు ముందుకు చాచి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

*

ఆదివారం సాయంత్రం నాగరత్నం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి రామదాసు కూడా చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"మీరెక్కడికి?"

"నడు, నడు. ట్రైన్ పోద్ది."

పాత స్కూలు భవనం పైఅంతస్తులో హాలు. చాపలు పరిచారు. నూరుమంది దాకా ఉన్నారు. సెలవుపూట వచ్చిన ఆఫీసు పిల్లలు, తెల్లవాళ్ళు కొందరు, చంటిబిడ్డతో ఒక చైనా జంట, కాలేజీ కుర్రాళ్ళు. పిచ్చివాళ్ళ జాతర అనుకున్నది ఇదేనా అని రామదాసు సిగ్గుపడ్డాడు. ఏ ఆదివారం మార్కెట్లోనైనా కనబడే ముఖాలే అన్నీ.

"అంకుల్! మీరు వస్తరనుకోలే!" అని పరిగెత్తుకొచ్చింది నిఖిల. వరంగల్ పిల్ల, యూనివర్సిటీలో రీసెర్చి చేస్తుంది, ధనశ్రీ బృందంలో డప్పు ఆమెదే. "గోడ పక్కకు కూసోండ్రి. ఆడ ఫ్యాన్ గాలొస్తది."

వేదిక మీద ధనశ్రీ ఉంది. ఆమె పక్కన ఒక కుర్చీ. కుర్చీలో హర్డీ గర్డీ. దాని నుదుట కుంకుమ అలాగే ఉంది.

"ఈ రోజు ఇది పాడదు," అంది ధనశ్రీ ఇంగ్లీషులో, మైకు దగ్గర. "మా ఇంట్లో ఏడాదికోసారి పనిముట్లకి పూజ చేస్తాం. ఆ రోజు వాటికి సెలవు. మా నాన్న ఫిట్టర్. ఆయన స్పానర్ల పక్కన దీన్నీ పడుకోబెట్టారు. ఇది ఇంకా నిద్ర లేవలేదు."

హాలంతా హాయిగా నవ్వింది. రామదాసు ఒక్కడే నవ్వలేదు. నాగరత్నం అతని మోచెయ్యి పట్టుకుంది.

"దీనికి ఒక శ్రుతి తీగ ఉంటుంది. పాట ఎటు పోయినా అది ఒకే స్వరం మీద నిలబడుతుంది. ఆ తీగ ఈ రోజు మీరే. ఈ స్వరం పట్టుకోండి."

పాడి వినిపించింది. ముందు కాలేజీ కుర్రాళ్ళు అందుకున్నారు, తర్వాత చంటిబిడ్డ తల్లి, తర్వాత అందరూ. నూరు గొంతులు ఒకే స్వరం మీద నిలిచాయి. దాని మీద ధనశ్రీ పాట ఎత్తుకుంది. ఎప్పుడో ఎవరో యాత్రికులు నడిచి నడిచి కాళ్ళు బొబ్బలెక్కి పాడుకున్న పాటట. భాష ఒక్క ముక్క తెలీదు. అయినా అలిసిపోయిన మనుషుల పాటని రామదాసుకు తెలిసిపోయింది. తెల్లవారకముందే పడవ ఎక్కిన రోజుల్లో, ఇంజను హోరు మీద తోటి కూలీలు ఇలాగే ఏవో కూనిరాగాలు తీసేవాళ్ళు.

తన నోట్లోంచి కూడా ఆ ఒక్క స్వరం వస్తోందని అతను కాసేపటికి గాని గమనించలేదు. గొంతు బొంగురుగా ఉంది. అయినా ఆపలేదు. దాని నోరు మూయించినవాడు దాని బదులు ఈ మాత్రమైనా చెయ్యాలి కదా.

పాట అయ్యాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

*

జనం చాపలు చుడుతున్నారు. రామదాసు వేదిక దగ్గరకు వెళ్ళాడు. ఈసారి ఆలోచించుకోలేదు, ఆలోచించుకుంటే మళ్ళీ వెనక్కి తిరుగుతానని భయం.

"అమ్మ కాదు. నేను. నూనె నేనే వేశా."

ధనశ్రీ మైకు తీగ చుడుతూ ఆగింది. "తెలుసు."

"తెలుసా?"

"నువ్వుల నూనె వాసనకీ మిషన్ ఆయిల్ వాసనకీ తేడా తెలీదా నాన్నా నాకు? చిన్నప్పటి నుంచీ నీ చొక్కాల వాసన అదే కదా." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నిన్న పొద్దున్నే తెలిసింది. నువ్వు చెప్తావని చూశా. అడిగా కూడా. నాకేం తెలుసన్నావు."

"కావాలని చెయ్యలేదమ్మా. ఒట్టు. నీ వస్తువుకి కూడా నా చేత్తో... అందరి పనిముట్లతో పాటు..." మాటలు ఒకదానికొకటి అతకడం లేదు. "కిర్రుమంటోందని వేశానంతే."

"అది నిన్న చెప్పుంటే నమ్మేదాన్ని."

"ఇప్పుడు?"

ఆమె మైకు తీగ మళ్ళీ చుట్టసాగింది. నిఖిల డప్పు సంచిలో పెడుతూ అటు తిరిగి నిలబడింది.

"నేను బాగుచేస్తా," అన్నాడు రామదాసు ఆత్రంగా. "చక్రం సెంటర్ చెయ్యడం నాకు పెద్ద పని కాదు. సోమవారం వచ్చే రిపేరువాణ్ణి వద్దను."

"ఏ రిపేరువాడు?"

"నిన్న ఫోన్‌లో... మండే అన్నావుగా."

ధనశ్రీ అతని వైపు వింతగా చూసింది. "అది ఆఫీస్‌కి నాన్నా. పాత సీట్ ఇంకా ఖాళీగానే ఉందన్నారు. రేపు జాయినవుతున్నా."

రామదాసుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"మరి ఫెస్టివల్..."

"వాళ్ళకి కావాల్సింది హర్డీ గర్డీ. నా గొంతు కాదు. రాలేనని ఇందాకే చెప్పేశా."

"వద్దమ్మా. ఆ ఉద్యోగం వద్దు. ఎందుకిప్పుడు..."

"నువ్వు అడిగిందే కదా!" అప్పుడు పగిలింది ఆమె గొంతు. "మా నాన్నకి ఇది ఇంత అసహ్యమా, ఇంత పని చేసేంత అసహ్యమా అనుకున్నా. ఇంట్లో వాళ్ళతో ఇంత ఫైట్ చేసి ఏం వాయిస్తాను? కాంట్ తహాన్ లా నాన్నా, ఇక నా వల్ల కాదు. అలిసిపోయా."

కుర్చీలోంచి వాద్యం ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

"బాగుచేస్తానన్నావుగా. చెయ్యి. నాకైతే తొందరేం లేదు."

*

సోమవారం ఉదయం ఏడున్నరకు ధనశ్రీ ఆఫీసుకు వెళ్ళింది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ తల్లికి చెప్పింది, తండ్రికీ చెప్పింది. మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు.

రామదాసు వంటింటి వెనక కాగితాలు పరిచాడు. స్పిరిటుతో చక్రం కడిగాడు. చెక్క తాగిన నూనె ఒక పట్టాన పోలేదు. ఆరబెట్టి మళ్ళీ కడిగాడు. మంగళవారం చక్రం అంచును సన్నటి ఉప్పుకాగితంతో వెంట్రుకవాసి చొప్పున సమం చేశాడు. ముప్పై ఏళ్ళలో ఏ టర్బైన్ షాఫ్టునూ అంత భయంగా పట్టుకోలేదు. బుధవారం నిఖిల వచ్చి రోజిన్ ఇచ్చి, ఎట్లా రాయాలో చూపించి పోయింది. దూదికి నాగరత్నం తన వత్తుల డబ్బా తెచ్చింది. నూనె తగలని పొడి దూదిలోంచి, విభూతి కూడా అంటని చేతులతో పోగులు తీసి ఇచ్చింది. ఇద్దరూ తలలు వంచుకుని ఒక్కో తీగకూ చుట్టారు.

నాలుగింటికి అతను పిడి తిప్పాడు.

కిర్రుమంది.

అదే చప్పుడు. మూడు వారాల కిందట తను చెవులు మూసుకున్న చప్పుడు. నాగరత్నం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అతను మళ్ళీ తిప్పాడు. కిర్రు కాస్తా సాగి శ్రుతి తీగ మీద నిలబడింది.

ఆరున్నరకు తలుపు తెరుచుకుంది. ధనశ్రీ మెళ్ళో ట్యాగు, చేతిలో లాప్‌టాప్ సంచి. నాన్న ఒళ్ళో వాద్యాన్ని చూసింది. చక్రాన్ని చూసింది. అతను నవ్వబోయాడు.

"బాగైంది అమ్మాయ్. ఒక్కసారి చూడు."

"గుడ్. థ్యాంక్స్ నాన్నా," అంది. "రేపు డెడ్‌లైన్ ఉంది నాకు." గదిలోకి పోయి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది.

నాగరత్నం భర్త ముఖం చూడలేక వంటింట్లోకి పోయింది.

రామదాసు వాద్యాన్ని ఒళ్ళో సర్దుకున్నాడు. ఏ చప్పుడు ఇంట్లో వినబడకూడదని ఇల్లెగిరిపోయేలా అరిచాడో, ఆ చప్పుడు ఆ మూసిన తలుపు దాటి లోపలికి వినబడాలని ఇప్పుడు పిడి పట్టుకున్నాడు. మెట్లు నొక్కడం అతనికి రాదు. పాట రాదు. వచ్చిందల్లా ఆ ఒక్క స్వరం. అదే తిప్పాడు. చుట్టు తడబడినప్పుడల్లా స్వరం కూడా వణికింది. ఆగింది, మళ్ళీ మొదలైంది.

లోపల కీబోర్డు టకటక ఆగిపోయింది.

అతను ఇంకో చుట్టు తిప్పాడు. అడుగులు తలుపు దాకా వచ్చాయి. గడియ మళ్ళీ కదిలింది. తీసిందో, సరిగా పడలేదని ఇంకాస్త బిగించుకుందో ఈవలి నుంచి అతనికి తెలియలేదు. చెయ్యి మాత్రం ఆపలేదు.